పిల్లల సన్నటి జుట్టు ఎందుకంత చిక్కు పడుతుంది, ఏడిపించకుండా తీయడం ఎలా

రెండు మూడేళ్ళ పిల్లల పెడతల మీద, మెడకు కాస్త పైన, వేళ్ళు పెట్టి చూడండి. మిగతా జుట్టంతా వేళ్ళ సందుల్లోంచి జారిపోతున్నా అక్కడికి వచ్చేసరికి వేళ్ళు ఆగిపోతాయి. రాత్రి శుభ్రంగా దువ్వి పడుకోబెట్టినా తెల్లారేసరికి అదే చోట అదే ఉండ. దువ్వెన అక్కడ తగలగానే పిల్ల తల విదిలించుకుంటుంది, ఏడుస్తుంది, లేచి పరిగెడుతుంది. పెద్దవాళ్ళకు ఆఫీసు టైమ్ అయిపోతుంటుంది. ఇద్దరికీ టెన్షనే.

దీనికి ఇంట్లో వినిపించే కారణాలు మూడు. రోజూ సరిగ్గా దువ్వడం లేదని ఒకరంటారు, నూనె రాయడం లేదని ఇంకొకరంటారు, పిల్ల కుదురుగా కూర్చోదని దువ్వేవాళ్ళే అంటారు. మూడింటిలోనూ కొంత నిజం ఉంది కానీ అసలు సంగతి జుట్టులోనే ఉంది. చిన్నపిల్లల జుట్టు అంటే పెద్దవాళ్ళ జుట్టే కాస్త పొట్టిగా ఉండటం కాదు. దాని మందం వేరు, దాని మీద ఉండే జిడ్డు వేరు, చిక్కు పడే తీరూ వేరు. అందుకే మనం మన తలకు అలవాటుగా చేసేది, అంటే మాడు దగ్గర దువ్వెన పెట్టి కొసల దాకా ఒక్క ఊపులో లాగడం, వాళ్ళ తలకు అన్నిటికన్నా ఎక్కువ చెరుపు చేస్తుంది. ఎందుకో అర్థమైతే మిగతా జాగ్రత్తలన్నీ వాటంతట అవే తోస్తాయి.

సన్నగా ఉండటం వల్ల వచ్చే చిక్కు

కడుపులో ఉండగానే బిడ్డ ఒంటినిండా లానుగో అనే నూగు పుడుతుంది. అందులో ఎక్కువ భాగం పుట్టకముందే రాలిపోతుంది. పుట్టినప్పుడు తల మీద కనిపించే జుట్టు కూడా తొలి నెలల్లో చాలావరకు ఊడి, ఆ చోట కొత్తది వస్తుంది. కొన్ని నెలల పాపాయి తల వెనక నున్నగా ఖాళీ కనిపిస్తే పక్కకు రాసుకుని జుట్టు అరిగిపోయిందని అనుకుంటారు. నిజానికి అక్కడి జుట్టుకు రాలే వేళ అయింది కాబట్టి రాలింది. ఆ తర్వాత వచ్చేది కూడా ఒక్కసారిగా పెద్దల జుట్టులా ఉండదు. ఏళ్ళు గడిచేకొద్దీ కొంచెం కొంచెం మందమవుతూ వస్తుంది.

పెద్దవాళ్ళ తలవెంట్రుక మందం సుమారు 50 నుంచి 100 మైక్రోమీటర్లు (మైక్రోమీటరు అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటుంది. పిల్లలది అంతకంటే సన్నం. ఈ సన్నదనం కంటికి కనిపించే దానికన్నా చాలా పెద్ద తేడా తెస్తుంది. ఏ గుండ్రటి పోగునైనా వంచడానికి పట్టే బలం దాని మందానికి నాలుగో ఘాతంలో మారుతుంది. అంటే 80 మైక్రోమీటర్ల వెంట్రుక పక్కన 40 మైక్రోమీటర్ల వెంట్రుకను పెడితే, మందంలో అది సగం, బరువులో నాలుగో వంతు, వంగకుండా నిలబడే బిగువులో మాత్రం 16వ వంతు. మందమైన వెంట్రుక వంగినా వెంటనే తిన్నగా లేస్తుంది. సన్నటిది వంగిన చోటే ఉండిపోతుంది, పక్కవాటి మధ్య దూరుతుంది, చిన్న మెలిక పడితే ఆ మెలికలోనే నిలిచిపోతుంది. చిక్కుకు కావలసింది అదే.

దీనికి జిడ్డు లేకపోవడం తోడవుతుంది. పుట్టిన కొత్తలో తల్లి హార్మోన్ల ప్రభావం వల్ల మాడు మీది నూనె గ్రంథులు చురుగ్గా ఉంటాయి. కొన్ని నెలలకు అవి మందగిస్తాయి. మళ్ళీ 8 నుంచి 10 ఏళ్ళ ప్రాంతంలో గానీ పుంజుకోవు. ఈ మధ్య కాలమంతా మాడు చాలా తక్కువ జిడ్డు తయారు చేస్తుంది. పెద్దవాళ్ళ జుట్టులో వెంట్రుకను వెంట్రుక మీద జారనిచ్చే పూత పిల్లలకు సహజంగానే పలచన. పిల్లల జుట్టు చేతికి మెత్తగా తగులుతుంది కాబట్టి నున్నగా కూడా ఉంటుందనుకుంటాం. మెత్తదనం, నున్నదనం ఒకటి కావు.

వెంట్రుక పైపొర తీరు కూడా తెలుసుకోవాలి. దాన్ని క్యూటికల్ అంటారు. ఇంటి పైకప్పు మీద పెంకులు ఒకదాని మీద ఒకటి వాలి ఉన్నట్టు సన్నటి పొలుసులు కుదురు నుంచి కొస వైపు వాలి ఉంటాయి. తలవెంట్రుకకు ఇవి 6 నుంచి 10 పొరలు. ఒక్కో పొర సుమారు అర మైక్రోమీటరు. రాలిన వెంట్రుక ఒకటి తీసుకుని బొటనవేలు, చూపుడువేలి మధ్య పట్టి, దాని పొడవు వెంట వేళ్ళను ముందుకూ వెనక్కూ మెల్లగా రుద్దండి. వెంట్రుక ఉన్న చోట ఉండదు. ఎటు తిప్పి పట్టుకున్నా కుదురు ఉన్న వైపుకే పాకుతుంది. పొలుసుల అంచులు ఒక దిశలో జారనిస్తాయి, ఎదురు దిశలో పట్టుకుంటాయి. ఉన్నిని తడిపి నలిపితే అట్టకట్టడానికి కారణం కూడా ఈ గుణమే.

పడుకున్నప్పుడు, కారు సీటులో కునుకు తీస్తున్నప్పుడు, కుర్చీకి తల ఆనించి బొమ్మలు చూస్తున్నప్పుడు పెడతల మీద జరిగేది కూడా ఇదే. తల అటూ ఇటూ కదులుతుంది, వెంట్రుకలు వాటి మధ్యలోనే పాకుతాయి. ఊడిపోయిన వెంట్రుకలైతే మరీను. ప్రతి తల నుంచీ రోజూ కొన్ని వెంట్రుకలు రాలతాయి. పెద్దవాళ్ళకు 50 నుంచి 100 దాకా రాలడం మామూలే. పిల్లల జుట్టులో అవి కింద పడకుండా మిగతా జుట్టులోనే ఉండిపోయి, దేనికీ అతుక్కుని లేవు కాబట్టి ఎటైనా పాకి, కుదురుకు అంటి ఉన్న వెంట్రుకల చుట్టూ చుట్టుకుంటాయి. చిక్కు తీశాక దువ్వెనలో మిగిలిన ఉండను విప్పి చూస్తే ఈ రాలిన వెంట్రుకలే ఎక్కువ కనిపిస్తాయి. కాబట్టి దువ్వెన నిండా జుట్టు వచ్చిందని కంగారు పడనక్కరలేదు. అందులో చాలావరకు ముందే ఊడినవి, ఇప్పుడు బయటపడ్డాయి, అంతే.

తిన్నటి జుట్టే ఎక్కువ చిక్కు పడుతుందా?

రింగుల జుట్టే ఎక్కువ చిక్కు పడుతుందని అందరూ అనుకుంటారు. 2007లో ఫ్రాన్స్‌కు చెందిన భౌతిక శాస్త్రవేత్త జాన్ బాటిస్ట్ మసోన్ ఈ నమ్మకాన్ని పరీక్షించారు. జుట్టు కత్తిరించేవాళ్ళ చేత, వచ్చినవాళ్ళ జుట్టులో ఎన్ని చిక్కులున్నాయో లెక్క పెట్టించారు. తిన్నటి జుట్టులో సగటున 5.3, రింగుల జుట్టులో 2.9 తేలాయి. ఆయన చెప్పిన వివరణ ఇది: రింగుల వెంట్రుకలు ఒకదానికొకటి ఎక్కువసార్లు తగులుతాయి కానీ దాదాపు పక్కపక్కనే సమాంతరంగా తగులుతాయి. తిన్నటి వెంట్రుకలు తక్కువసార్లే తగిలినా ఎక్కువ కోణంలో అడ్డంగా తగులుతాయి, అడ్డంగా తగిలినవే మెలిక పడతాయి.

ఈ లెక్కను పట్టుకుని రింగుల జుట్టు పిల్లలకు ఇబ్బందే లేదనుకోవడం తప్పు. చిక్కుల సంఖ్య ఒకటి, ఒక్కో చిక్కు ఎంత గట్టిది అనేది మరొకటి. చిన్న చిన్న రింగులున్న జుట్టులో మాడు నుంచి వచ్చే కాస్త జిడ్డు కూడా కొసల దాకా పాకలేదు, కాబట్టి అది త్వరగా పొడిబారుతుంది, దువ్వకుండా వదిలేస్తే జడలు కడుతుంది. తిన్నటి సన్నటి జుట్టుకు చిన్న చిన్న చిక్కులు తరచుగా పడతాయి. రెండింటికీ ఓపిక కావాలి, పద్ధతి మాత్రం కొంచెం మారుతుంది.

దువ్వెన ఎక్కడ మొదలవ్వాలి

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో అనువర్తిత గణితం, భౌతిక శాస్త్రం బోధించే ఎల్. మహదేవన్‌కు కూతురు చిన్నగా ఉన్నప్పుడు ఆమె జుట్టు చిక్కు తీయడం నుంచే ఈ ప్రశ్న మీద ఆసక్తి పుట్టింది. తర్వాత ఆయన, థామస్ ప్లమ్ రేయెస్, నికలస్ చార్ల్స్ కలిసి దీన్ని ప్రయోగశాలలో తేల్చి 2022లో సాఫ్ట్ మ్యాటర్ పత్రికలో ప్రచురించారు. జుట్టంతా తీసుకుంటే లెక్క కట్టడం కుదరదు కాబట్టి ఒకదాన్నొకటి మెలేసుకున్న రెండు పోగులు, వాటి మధ్య నడిచే ఒకే ఒక్క దువ్వెన పన్ను తీసుకున్నారు. పోగుల ఒక చివర బిగించి ఉంటుంది, రెండో చివర వదులుగా ఉంటుంది. తలవెంట్రుక కూడా అంతే కదా, కుదురు దగ్గర బిగువు, కొస దగ్గర వదులు.

తేలింది ఏమిటంటే, పన్నును బిగించిన వైపు దగ్గర పెట్టి కిందికి లాగితే దారిలో ఉన్న మెలికలన్నీ ముందుకు తోసుకుపోయి ఒక చోట కుప్పపడతాయి, ఆపైన పన్ను కదలదు. వదులు కొస దగ్గర మొదలుపెట్టి చిన్న దువ్వు దువ్వితే ఆ కొద్ది మెలికలు కొసలోంచి బయటకు జారిపోతాయి. తర్వాత కొంచెం పైన మొదలుపెట్టాలి, ఇంకొంచెం పైన, అలా కుదురు దాకా. మెలిక బయటికి పోవడానికి ఉన్న తలుపు కొస ఒక్కటే. పైనుంచి లాగినప్పుడు ఆ తలుపు దగ్గరే మూక పోగుచేస్తున్నాం.

దువ్వు మరీ చిన్నదైతే ఎంతకీ తెమలదు, మరీ పొడవైతే నొప్పి. జుట్టు ఎంత చిక్కుగా ఉందో దాన్ని బట్టి మధ్యస్థంగా ఒక పొడవు ఉంటుందన్నది కూడా ఈ పనిలో బయటపడింది. ఎంఐటీ, హార్వర్డ్ పరిశోధకులు ఆ సంగతినే వాడుకుని కెమెరా, బలాన్ని కొలిచే మెత్తటి బ్రష్ ఉన్న రోబో చేతిని తయారు చేశారు. అది జుట్టును చూసి దువ్వు పొడవును మార్చుకుంటుంది. ఇంట్లో ఆ కొలత మన చేతికే తెలుస్తుంది. దువ్వెన ఆగినట్టు అనిపించిన క్షణంలో లాగడం మానేసి, దాన్ని బయటికి తీసి, ఇంకా కింద పెట్టాలి. చాలామంది ఆగిన చోటే కొంచెం బలం పెడతారు. తెగేదీ, నొప్పి పుట్టేదీ అక్కడే.

ఒక ఉండను దగ్గరగా చూద్దాం. ముందు దాని చుట్టూ ఉన్న మామూలు జుట్టును పక్కకు తీసి క్లిప్పు పెట్టండి, లేకపోతే అది కూడా లోపలికి పోతుంది. ఉండకు పైన, మాడుకు దగ్గరగా, ఆ పాయను బొటనవేలు, చూపుడువేలితో గట్టిగా పట్టుకోండి. మన లాగుడంతా ఈ వేళ్ళ దగ్గరే ఆగిపోవాలి, కుదురుకు చేరకూడదు. ప్రతి కుదురు చుట్టూ స్పర్శను, లాగుడును పట్టేసే నరాల కొసలు అల్లుకుని ఉంటాయి. పిల్లలు "నొప్పి" అంటే నిజంగానే నొప్పి. ఇప్పుడు ఉండ మీద కొంచెం కండిషనరో, చిక్కు తీసే స్ప్రేనో రాసి నిమిషం ఆగండి. వేళ్ళతో ఉండను అడ్డంగా, రెండు పక్కలకూ మెల్లగా విడదీయండి. కిందికి లాగొద్దు. గుండ్రంగా ఉన్న ఉండ బల్లపరుపుగా పరుచుకుంటుంది. అప్పుడు దువ్వెన మూలలో ఉండే పన్ను ఒక్కదాన్ని దాని అడుగు అంచులో పెట్టి ఒక్కో వెంట్రుకను కిందికి తప్పించండి. మొదటి అయిదారు వెంట్రుకలు వచ్చేదాకా ఏమీ జరగనట్టే ఉంటుంది. ఆ తర్వాత ఉండ ఒక్కసారిగా సగానికి వస్తుంది, ఎందుకంటే చుట్టుకున్న రాలిన వెంట్రుక ఒకటి బయటపడి ఉంటుంది.

అరచేయంత అట్ట కట్టేసి ఇక లాభం లేదనిపిస్తే కత్తెర అడ్డంగా పెట్టకండి. మాడుకూ అట్టకూ మధ్య దువ్వెన ఒకటి అడ్డు ఉంచి, మొన గుండ్రంగా ఉన్న కత్తెరతో జుట్టు పొడవు వెంట, నిలువుగా రెండు మూడు చోట్ల చీల్చండి. అట్ట ముక్కలవుతుంది. ఒక్కో ముక్కను వేళ్ళతో విప్పొచ్చు. జుట్టు పోయేది కొంచెమే, బోసి మచ్చ కనిపించదు.

తడి మీద దువ్వాలా, ఆరాక దువ్వాలా

ఈ విషయంలో ఎవరి మాట వారిదే. రెండు మాటలూ సగం సగం నిజం. నీళ్ళు తగిలినప్పుడు వెంట్రుక లోపలి హైడ్రోజన్ బంధాలు తాత్కాలికంగా వీడిపోతాయి. వెంట్రుక ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, తన పొడవులో దాదాపు 30 శాతం దాకా సాగగలదు. సాగుతుంది కాబట్టి బాగానే ఉందనిపిస్తుంది కానీ, ఆ హద్దు దాటితే పాడవుతుంది, తెగుతుంది. కాబట్టి ఉత్త నీళ్ళతో తడిసిన జుట్టులోకి సన్న పళ్ళ దువ్వెన దించడం అన్నిటికన్నా చెడ్డ పని.

తిన్నటి సన్నటి జుట్టుకు నేను చెప్పే క్రమం ఇది. తలస్నానానికి ముందే, పొడిగా ఉన్నప్పుడు, కాస్త స్ప్రే రాసి పెద్ద చిక్కులు తీసేయాలి. చిక్కుతోనే తడిపితే అది బిగుసుకుంటుంది. స్నానంలో కండిషనర్ ఉండగా వెడల్పు పళ్ళ దువ్వెనతో ఒకసారి కొసల నుంచి పైకి. ఆ తర్వాత ముప్పావు వంతు ఆరేదాకా ముట్టుకోకుండా ఉంటే మంచిది. రింగుల జుట్టుకు పొడిగా దువ్వడమే పనికిరాదు. రింగులు విడిపోయి జుట్టంతా చింపిరిగా లేస్తుంది, ఎక్కువ తెగుతుంది కూడా. దానికి తడి, కండిషనర్, వేళ్ళు లేదా వెడల్పు పళ్ళ దువ్వెన, పాయలు పాయలుగా. తర్వాత రోజు చిక్కు కనిపిస్తే ఆ పాయ ఒక్కదాన్నే తడిపి తీయాలి.

దువ్వెన ఏదైనా పళ్ళ కొసలు గుండ్రంగా, నున్నగా ఉండాలి. ప్లాస్టిక్ దువ్వెన పళ్ళ పక్కన అచ్చు గీత గరుగ్గా మిగిలి ఉంటుంది. గోటితో తడిమితే తెలుస్తుంది. అలాంటిది పిల్లల తలకు వద్దు. వంగే పళ్ళున్న బ్రష్‌లు చిక్కు దగ్గర తామే వంగి దాటుకుంటాయి కాబట్టి లాగుడు తగ్గుతుంది. కుదురుగా కూర్చోని పిల్లలకు అవి నిజంగా ఉపయోగపడతాయి. కానీ వాటినీ మాడు దగ్గర మొదలుపెట్టి లాగితే లాభం లేదు.

షాంపూ, కండిషనర్, నూనె

పిల్లల మాడులో జిడ్డు తక్కువ కాబట్టి రోజూ షాంపూ అక్కర్లేదు. వారానికి ఒకటి రెండుసార్లు చాలు. రింగుల, పొడి జుట్టుకు ఇంకా తక్కువైనా సరే. మట్టిలో ఆడిన రోజున ఉత్త నీళ్ళు పోసినా సరిపోతుంది. షాంపూ మాడుకే, వేళ్ళ కొసలతో. జుట్టంతా నడినెత్తిన కుప్పపోసి నురగ వచ్చేలా గుండ్రంగా రుద్దడం చూడముచ్చటగా ఉంటుంది కానీ, ఇందాక చెప్పిన పొలుసులు పాకే గుణానికి అంతకు మించిన అవకాశం లేదు. నురగ కిందికి జారేటప్పుడు కొసలకు అంటినదే వాటికి చాలు. తుడిచేటప్పుడు కూడా తువ్వాలుతో రుద్దకుండా పాయను తువ్వాలు మధ్య పెట్టి అదమండి.

కళ్ళు మండని పిల్లల షాంపూ మాడుకు మృదువుగానే ఉంటుంది. అయితే చాలావాటిలో జుట్టును జారనిచ్చే పదార్థం ఉండదు. అందుకే "పిల్లల షాంపూయే వాడుతున్నా చిక్కు పోవడం లేదు" అనే ఫిర్యాదు. చిక్కు తగ్గించాలంటే కావలసింది కండిషనర్. అది పని చేసే విధం తెలిస్తే వాడాలా వద్దా అనే సందేహం తీరుతుంది. వెంట్రుక పైభాగం మామూలు నీటిలో రుణ విద్యుదావేశంతో ఉంటుంది. వెంట్రుకకు ఆ ఆవేశం లేకుండా పోయే పీహెచ్ (ఆమ్లమా, క్షారమా అని చెప్పే కొలత) సుమారు 3.7. నీళ్ళు, సబ్బు దానికి చాలా పైన ఉంటాయి. ఒకే ఆవేశం ఉన్న వెంట్రుకలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, పొలుసులు లేచి రాపిడి పెరుగుతుంది. 2014లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో 123 షాంపూల పీహెచ్ కొలిస్తే 3.5 నుంచి 9.0 దాకా తేలింది. అంత తేడా ఉంటుంది. కండిషనర్‌లో ఉండే సెట్రిమోనియం క్లోరైడ్, బెహెన్‌ట్రైమోనియం క్లోరైడ్ లాంటివి ధనావేశం ఉన్నవి. అవి వెళ్ళి రుణావేశం ఎక్కువున్న చోట, అంటే ఎక్కువగా దెబ్బతిన్న చోట, అంటుకుని కొవ్వు తోకలు బయటికి ఉండేలా నిలబడతాయి. వెంట్రుక మీద వెంట్రుక జారుతుంది. చలికాలపు పొడి గాలిలో జుట్టు పైకి లేచి దువ్వెనకు అంటుకునే ఇబ్బందిని కూడా ఇదే తగ్గిస్తుంది. కొననున్న సీసా వెనక ఈ పేర్లో, డైమెథికోన్ అనే సిలికోన్ పేరో ఉందేమో చూసుకోండి. బొమ్మ ఎంత ముద్దుగా ఉన్నా ఇవేవీ లేకపోతే చిక్కుకు దానివల్ల ఒరిగేది తక్కువ.

సన్నటి జుట్టుకు కొంచెమే రాయాలి, సగం పొడవు నుంచి కొసల దాకా. మాడుకు రాస్తే జుట్టు అంటుకుపోయి జిడ్డోడుతున్నట్టు ఉంటుంది. పెడతల మీద ఉండ కట్టే చోటును మాత్రం మరిచిపోకండి. చిక్కు తీసే స్ప్రే అంటే నిజానికి పలచటి కండిషనరే. ఇంట్లోనే కండిషనర్‌ను నీళ్ళలో కలిపి సీసాలో పోసుకోవచ్చు, కానీ కొద్దిగానే, ఒకటి రెండు రోజులకు సరిపడా. నీళ్ళు కలిపితే నిల్వ ఉంచే పదార్థం కూడా పలచబడుతుంది, సూక్ష్మజీవులు పెరుగుతాయి. ఏ స్ప్రే అయినా పిల్లల మొహం ముందు కొట్టకుండా ముందు మన అరచేతిలో కొట్టుకుని జుట్టుకు రాయడం మేలు.

నూనె వెంట్రుక మీద రాపిడి తగ్గిస్తుంది, నిజమే. 2003లో ప్రచురితమైన పరిశోధనలో కొబ్బరి నూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ పోల్చి చూస్తే వెంట్రుకలోంచి ప్రోటీన్ పోవడాన్ని గణనీయంగా తగ్గించింది కొబ్బరి నూనె ఒక్కటే. అది లోపలికి ఇంకగలదు. స్నానానికి ముందు కొసలకు కాస్త రాయడం వల్ల లాభం ఉంది. కానీ సన్నటి జుట్టుకు ఎక్కువ నూనె రాసి వదిలేస్తే వెంట్రుకలు గుత్తులుగా అంటుకుంటాయి, దుమ్ము పడుతుంది, దాన్ని వదిలించడానికి ఎక్కువ షాంపూ రుద్దాలి, చిక్కు మళ్ళీ మొదటికొస్తుంది.

ఈతకొలనుకు తీసుకెళ్ళేటప్పుడు ముందే మంచినీళ్ళతో తల తడిపి, వదులుగా జడ వేయండి. ముందే నీళ్ళు పీల్చుకున్న వెంట్రుక క్లోరిన్ నీళ్ళను తక్కువ పీలుస్తుంది. బయటికి రాగానే మళ్ళీ కడగాలి.

రాత్రి, జడ, కత్తెర

చిక్కులో ఎక్కువ భాగం నిద్రలో పడేదే కాబట్టి, కాపాడుకోవలసిన వేళ రాత్రే. జడ వేసేంత పొడవుంటే వదులుగా ఒకటో రెండో జడలు వేసి పడుకోబెడితే సగం పని తప్పుతుంది. నూలు గలీబుకన్నా శాటిన్ గలీబు మీద రాపిడి తక్కువ. ఇది దిండు వాడే వయసు పిల్లల మాట. ఏడాది లోపు పిల్లలకు దిండే పెట్టకూడదు, తలకు కట్టే టోపీలు, గుడ్డలు వేసి పడుకోబెట్టకూడదు. ఊపిరికి అడ్డం పడతాయి.

బిగించి కట్టే పిలకలు, జడలు చిక్కును ఆపుతాయి కానీ కుదురును రోజంతా లాగి ఉంచుతాయి. నుదుటి అంచున, చెవుల పక్కన జుట్టు పలచబడటం, తెగిన పొట్టి వెంట్రుకలు, కుదుళ్ళ దగ్గర చిన్న చిన్న పొక్కులు కనిపిస్తే అది బిగువు వల్లనే. మొదట్లో వదిలేస్తే జుట్టు తిరిగి వస్తుంది, ఏళ్ళ తరబడి లాగితే రాకపోవచ్చు. జడ వేశాక కనుబొమలు పైకి లాగినట్టు ఉన్నా, తల నొప్పిగా ఉందని పిల్ల అన్నా వెంటనే వదులు చేయండి. ఉత్త రబ్బరు బ్యాండ్లు వెంట్రుకను తెంపుతాయి. గుడ్డ చుట్టినవి వాడాలి.

ఎప్పుడూ కత్తిరించని జుట్టు కొస సూదిమొనలా సన్నబడి ఉంటుంది. ముందే సన్నటి జుట్టు, అందులో సన్నటి కొస, చిక్కు మొదలయ్యేది అక్కడే. అప్పుడప్పుడూ కొసలు సమంగా కత్తిరిస్తే ఆ బలహీనమైన భాగం పోతుంది. భుజాల పైకి కత్తిరిస్తే చిక్కు ఇంకా బాగా తగ్గుతుంది. రోజూ ఏడుపుతో గడిచే ఇంట్లో అది మంచి నిర్ణయమే అని నా అభిప్రాయం, పిల్ల కూడా ఒప్పుకుంటే. గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుందన్న మాట మాత్రం నిజం కాదు. మిల్‌డ్రెడ్ ట్రాటర్ అనే శాస్త్రవేత్త 1928లోనే, గొరిగినంత మాత్రాన వెంట్రుక మందం గానీ, పెరిగే వేగం గానీ మారదని చూపించారు. కొత్తగా వచ్చేదానికి కొస మొద్దుగా ఉంటుంది కాబట్టి చేతికి గరుగ్గా, ఒత్తుగా తగులుతుంది. పైగా ఈలోగా పిల్ల ఒక ఏడాది పెద్దదై ఉంటుంది, ఆ వయసుకు రావలసిన మందం వచ్చి ఉంటుంది.

పిల్లల వైపు నుంచి

దువ్వెన చూడగానే ఏడిచే పిల్ల మొండిది కాదు. నిన్న నొప్పి పుట్టిందని గుర్తుంది, అంతే. తల వెనక ఏం జరుగుతోందో కనబడదు, ఎప్పుడు అయిపోతుందో తెలియదు. ఎదురుగా అద్దం పెడితే, "ఇంకా రెండు పాయలున్నాయి" అని చెబుతూ పోతే ఆ భయం చాలా తగ్గుతుంది. "ఆగు" అంటే నిజంగా ఆగాలి. "ఎక్కడ లాగింది నాన్నా?" అని అడిగి అక్కడ చేయి పెట్టాలి. ఆగుతారన్న నమ్మకం కుదిరాక ఆపమనడమే తగ్గుతుంది. వాళ్ళ చేతికి ఒక దువ్వెన ఇచ్చి తమ కొసలు తామే దువ్వుకోనివ్వండి. కొసలే కదా మొదట దువ్వాల్సింది, కాబట్టి అది ఉత్త ఆట కాదు, పనికొచ్చే పనే. అన్నిటికీ మించి, చిక్కు తీయడం పొద్దున హడావిడిలోంచి సాయంత్రానికి మార్చండి. పొద్దున పైపైన ఒక్కసారి దువ్వితే చాలు.

కొందరు పిల్లలకు తల మీద ఏ స్పర్శా గిట్టదు. జుట్టు కత్తిరించడం, గోళ్ళు తీయడం, బట్టల కుట్టు ఒరుసుకోవడం కూడా భరించలేరు. అలాంటప్పుడు బలవంతం చేయకుండా పిల్లల డాక్టరుతో ఆ మాట చెప్పండి. దువ్వే ముందు అరచేతితో తల మీద కాసేపు నిలకడగా అదిమి ఉంచడం కొందరికి సాయపడుతుంది.

మామూలు చిక్కు కానప్పుడు

కొద్దిమంది పిల్లల్లో సమస్య జుట్టు నిర్మాణంలోనే ఉంటుంది. ఏం చేసినా దువ్వెనకు లొంగకుండా, వెండి రంగులోనో ఎండుగడ్డి రంగులోనో నలువైపులా నిక్కి నిలబడే జుట్టును అన్‌కోంబబుల్ హెయిర్ సిండ్రోమ్ అంటారు. వెంట్రుకను అడ్డంగా కోసి చూస్తే గుండ్రంగా కాక త్రిభుజంలా ఉంటుంది, పొడవు వెంట కాలువలా గాడి ఉంటుంది. 2016లో జర్మనీలోని బాన్‌లో రెజీనా బెట్జ్ బృందం దీనికి పీఏడీఐ3, టీజీఎం3, టీసీహెచ్‌హెచ్ అనే మూడు జన్యువుల్లోని మార్పులు కారణమని కనిపెట్టింది. చాలా అరుదు, పెద్దయ్యేకొద్దీ సాధారణంగా తగ్గుతుంది. మరొకటి లూజ్ అనాజెన్ సిండ్రోమ్. ఇది ఎక్కువగా 2 నుంచి 6 ఏళ్ళ ఆడపిల్లల్లో కనిపిస్తుంది. జుట్టు పొడవు పెరగదు, చిక్కు పడుతుంది, కొద్దిగా లాగితే నొప్పి లేకుండానే పెరుగుతున్న వెంట్రుకలు ఊడి వచ్చేస్తాయి. ఇది కూడా వయసుతో మెరుగవుతుంది.

వీటికన్నా ఎక్కువగా ఎదురయ్యేవి పేలు, తామర. చెవుల వెనక, మెడ దగ్గర వెంట్రుకకు అతుక్కుని, వేళ్ళతో జరపబోతే కదలని తెల్లటి చుక్కలు ఈపులు. మాడు మీద గుండ్రటి మచ్చగా జుట్టు తెగిపోయి పొట్టు రాలుతుంటే తామర అయి ఉండొచ్చు. పైపూత మందులతో అది పోదు, నోటితో వేసుకునే మందు కావాలి. ఇక నెలల బిడ్డ ఉన్న ఇంట్లో రాలిన జుట్టు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. పొడవాటి వెంట్రుక ఒకటి పాపాయి కాలివేలికో చేతివేలికో మగబిడ్డ అంగానికో చుట్టుకుని బిగుసుకోవచ్చు. కారణం తెలియని ఏడుపు, ఒక వేలు మాత్రం ఎర్రగా ఉబ్బి కనిపిస్తే సాక్స్ విప్పి చూసి, వెంటనే తీయలేకపోతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

జుట్టు విషయమై చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ రోజు తలకు నూనె, కండిషనర్ రాయకండి, బిగించి జడ వేయకండి. దువ్వినప్పుడు ఊడిన వెంట్రుకలు కొన్ని, కుదురు కొస తెగకుండా, తెల్ల కాగితంలో మడిచి తీసుకెళ్ళండి. ఆ కుదురు ఆకారాన్ని సూక్ష్మదర్శినిలో చూస్తే అవి సహజంగా రాలినవా, పెరుగుతుండగా ఊడినవా అన్నది తెలుస్తుంది.